పట్టపుటేనుగుకి వకీలు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్లు నా మీదికి తగువుకొస్తారు కనక చెప్పను, ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. తన పటం కనపడితే చాలు, మనిషైనా పశువైనా మోకరిల్లాలని ఆయన ఆజ్ఞ. జనానికి ఆజ్ఞ ఒక్కటే సరిపోయింది. పట్టపుటేనుగుకి మాత్రం ఆరునెలలు బెల్లం పెట్టి నేర్పించాల్సొచ్చింది.

ఆ కొలువులో ఒక తాడు ఉండేది. వకీలు చేతిని ముద్దాయి చేతికి కట్టేవారు. ముద్దాయికి ఏ శిక్ష పడితే వకీలుకీ అదే. అబద్ధం వాదించకుండా ఉండటానికట! కట్టేముందు ఆ వృత్తిలోని లాభనష్టాలు వకీలే పైకి చెప్పాలి. కొలువులో ఎత్తుపీట, వీధిలో జనం తప్పుకుని ఇచ్చే దారి, ఏటా పుట్టి ధాన్యం, ఇవి లాభాలు. నష్టం ఒక్కటే, తాడు. అప్పటికి ముగ్గురు వకీళ్లు ఆ తాడుతోనే పోయారు. నాలుగో ఆయన గొంతు పడిపోయిందని చెప్పి, ఇంట్లో పెళ్లాంతో కూడా సైగలతోనే కాపురం చేస్తున్నాడు.

ఒక పండగనాడు రాజుగారు ఏనుగెక్కి ఊరేగుతున్నారు. కంసాలివీధి వాళ్లు భక్తి ఎక్కువై తోరణానికి రాజుగారి పటం వేలాడదీశారు. ఏనుగు చూసింది. నేర్పిన విద్యే కదా, మోకరిల్లింది. రాజుగారు అంబారీలోంచి జారి, దారిపక్క పానకం గంగాళంలో పడ్డారు. ఒక్కరూ నవ్వలేదు. తల్లులు పిల్లల నోళ్లు చేతులతో గట్టిగా మూసేశారు.

వెంటనే అభియోగం రాశారు. నేరం రుజువైతే మావటి గవరయ్యకి మరణం, ఏనుగుకి దేశబహిష్కారం.

తప్పెవరిదో ఊరంతటికీ తెలుసు. కానీ ఆ మాట పైకంటే రాజద్రోహం. గవరయ్యని బతికించే మాట ఒక్కటే, అన్నవాళ్ల తల తీసే మాట కూడా అదే. వకీలన్నవాడు ఒక్కడూ గడప దాటి రాలేదు.

గవరయ్య అక్క నాంచారమ్మ వచ్చింది. ఆవిడ ఏనుగుశాలకి గడ్డి కోసి వేసేది. మోపు దించుకుని కొలువు గోడ వెనక సేదతీరుతూ పదేళ్లుగా ప్రతి తగవూ విన్నది. రాజుగారి శాసనాలన్నీ ఆవిడకి నోటికొచ్చు.

ఏనుగు కూడా హాజరు కావాలి కనక ఆవేళ కొలువు ఆరుబయటే తీర్చారు. నాంచారమ్మ గడ్డిమోపు తలమీద అలాగే పెట్టుకుని వచ్చి, తమ్ముడి పక్కన దించి, చెయ్యి చాపింది.

"వద్దక్కా, నేనొక్కణ్ణే పోతాను," అన్నాడు గవరయ్య.

"నోర్ముయ్! నువ్వూ వణుకుతున్నావు, నేనూ వణుకుతున్నాను. ఎవరి వణుకో తాడుకి తెలుస్తుందా?"

రాజుగారు మీసం దువ్వారు. "గడ్డి కోసేదానివి, నీకు వకీలుతనమా? ఏదీ, లాభనష్టాలు చెప్పు!"

"లాభాలు తెలియవు ప్రభూ, ఆ పీటమీద ఎప్పుడూ కూర్చోలేదు. నష్టం తెలుస్తోంది. నోట్లో తడారిపోయింది. అన్నీ తెలిసే వచ్చాను."

తాడు బిగించారు. ఆవిడ మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకోవడం ముందువరస వాళ్లకి కనపడుతూనే ఉంది.

"ఈ ముద్దాయికి నేనున్నాను. రెండో ముద్దాయికి వకీలు ఎవరు ప్రభూ?"

"రెండో ముద్దాయి ఎవరే?"

"ఏనుగు. అభియోగంలో దాని పేరూ రాశారు. వకీలు లేని ముద్దాయికి తీర్పు చెప్పకూడదు. నోరులేని ముద్దాయికి దాని యజమానే వకీలు. వాకిట్లో శాసనం రాయి మీద మూడో వరస."

పట్టపుటేనుగు యజమాని ఎవరో అక్కడ తెలియనివాడు లేడు. సభంతా తలలు దించుకుంది.

"నా శాసనానికి నేనూ బద్ధుణ్ణే అని తమరు రోజూ అంటారు," అంది నాంచారమ్మ. "గోడ వెనక వినేదాన్ని. ఇవాళెందుకో వినపడలేదు."

రాజుగారి మొహం కందగడ్డ అయింది. ఇంతమందిలో కాదనడం ఎలా? చెయ్యి చాపి, "కట్టండి!" అని అరిచారు. ఇంకో తాడు తెచ్చారు. ఏనుగు ముందుకాలికి ఒక కొస, రాజుగారి మణికట్టుకి ఒక కొస.

"లాభనష్టాలు చెప్పాలి ప్రభూ."

"లాభాలు... ఎత్తుపీట..." అంటూ ఉండగానే ఏనుగుకి గడ్డిమోపు కనపడింది. ఒక్క అడుగు వేసింది. రాజుగారు సింహాసనం మీంచి నేలమీదికొచ్చారు. "దారి..." అన్నారు. ఇంకో అడుగు. ధాన్యం సంగతి మరిచిపోయారు. "నష్టం..." అని తాడు వంక చూశారు. ఆ మాట పూర్తికాలేదు.

మంత్రి వంగి రాజుగారి చెవిలో గొణిగాడు. "ప్రభూ, ఏనుగుది నేరమని తేలితే దానితోపాటు తమరూ అడవికే."

"ఏనుగు నిర్దోషి!" అని కేకేశారు రాజుగారు.

"కారణం చెప్పని తీర్పు రాయకూడదు ప్రభూ. నాలుగో వరస."

రాయసగాడి గంటం తాటాకు మీద ఆగిపోయింది. రాజుగారి నుదుటి మీంచి చెమట కంట్లోకి కారింది. ఏనుగు మూడో అడుగుకి కాలెత్తింది.

"నా పటం చూస్తే మోకరిల్లమని నేనే నేర్పించాను! అది చెప్పినట్టే చేసింది! చాలా?"

"రాసుకోవయ్యా రాయసగాడా," అంది నాంచారమ్మ. "నా ముద్దాయి వాదనా అదే. ఆ మాట నేనంటే రాజద్రోహం. తమరన్నారు కనక రాజవాక్కు."

గవరయ్య కళ్లు మూసుకున్నాడు.

రాజుగారు తాడు వంక చూశారు, ఏనుగు వంక చూశారు, నాంచారమ్మ మోకాళ్ల వంక చూశారు. "నాలుగుసార్లు తలంటుకున్నా ఆ పానకం జిగురు వదల్లేదే!" అని ఫక్కున నవ్వారు. నవ్వొచ్చో లేదోనని జనం ముందు మంత్రి మొహం చూసుకుని, అప్పుడు నవ్వారు.

"గెలిచావు కదా, ఇంకా వణుకుతావేం?"

"ఆగడంలేదు ప్రభూ."

ఏనుగుశాల పక్కనున్న రెండుమడుల చేను రాయించి ఇచ్చి, ఆస్థాన వకీలుగా ఉండమన్నారు రాజుగారు. "ఇప్పుడు చెప్పు, లాభమేమిటి, నష్టమేమిటి?"

"లాభం, ఇవాళ మా తమ్ముడు ఇంటికొచ్చి అన్నం తింటాడు. నష్టం, రేపు ఇంకెవరి అక్కో నా గుమ్మంలో నిలబడుతుంది. మళ్లీ ఈ వణుకే."

"తాడు తీసి పారేయిస్తాను."

"తీయించండి. పారేయించకండి. తమ సింహాసనం కోడుకి కట్టించండి."

రాజుగారు మళ్లీ నవ్వారు, కట్టించారు. నాలుగో వకీలుకి మర్నాడే గొంతొచ్చింది, మొదట పెళ్లాం మీదే లేచిందట. నాంచారమ్మ బతికినన్నాళ్లూ మోకాళ్లు వణుకుతూనే వాదించింది. రాజుగారు మాత్రం తీర్పు నోటిదాకా వచ్చాక ఒకసారి ఆగి, ఎవరూ చూడటంలేదనుకుని, మణికట్టు తడుముకునేవారు.