రెండో గేరు మీద చెయ్యి

అడిగిన ప్రశ్నకు అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు తారకమ్మగారికి లేదు. కొండ దిగువనున్న ఆమె ఆశ్రమానికి ఎందరో సందేహాలు మూటగట్టుకుని వచ్చేవారు. ఆమె వాళ్ళకు ఏదో ఒక పని పురమాయించేవారు. వేదాంతం విందామని వచ్చి వంకాయలు తరిగి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళలో కోపం తెచ్చుకుని మళ్ళీ మొహం చూపించనివాళ్ళూ ఉన్నారు.

ఆ ఉదయం, ఆశ్రమం జీపు నడిపే శిష్యుడు గౌరునాయుడు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మావోడు సింహాచలం తాగుడు మానీసినాడు. నిజంగానే మానీసినాడు, ఊరందరికీ తెలుసు. అయినా ఆడు గుమ్మంలోకొస్తే నాను వాసన చూస్తన్నాను, జేబులు తడుముతన్నాను. 'ఎన్నాళ్ళు నాన్నా ఈ తనిఖీ? సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాను' అంటన్నాడు. ఆడి మీద నమ్మకం నాకెలాగొస్తాదమ్మా?"

"జీపు మళ్ళీ గోల చేస్తోందన్నావు కదా. పద, మెకానిక్ బషీరుకు చూపిద్దాం," అన్నారు తారకమ్మగారు.

గౌరునాయుడికి కడుపు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది ఈవిడ వరస అనుకున్నాడు. కాని గురువుగారి మాట కాదనలేక తాళం తీసుకున్నాడు.

ఆ జీపు మిలిటరీవాళ్ళు వాడుకుని వేలం వేసిన పాతకాలపు బండి. కిందటేడు ఘాట్ రోడ్డు దిగుతుండగా, లోయ అంచు మలుపులో దాని రెండో గేరు తనంతట తానే జారి న్యూట్రల్లో పడింది. వెనక సీట్లో జ్వరంతో మూలుగుతున్న బాలింత. పరుగందుకున్న బండిని గౌరునాయుడు కొండవైపు గట్టుకు రాసి ఎలాగో ఆపాడు. బషీరు ముందు బోల్టులు చూశాడు, తర్వాత గేరును పట్టి ఉంచే స్ప్రింగు చూశాడు, చివరికి గేరుబాక్సు విప్పి, అరిగి గుండ్రబడిన పళ్ళు చూపించాడు. ఇక బాగుచేసి లాభం లేదని, అదే కాలపు మరో జీపులోంచి మంచి గేరుబాక్సు తెచ్చి బిగించాడు. ఇప్పుడు అదీ గరగరలాడుతోంది. బషీరు తనను మోసం చేశాడనే గౌరునాయుడు తేల్చుకున్నాడు.

కొండమీది ఊళ్ళో ఉన్న షెడ్డుకు చేరగానే, "కుళ్ళిన సరుకు అంటగట్టీసినావు!" అని మొదలుపెట్టాడు. బషీరు గేరుబాక్సు మూత విప్పి లోపలికి లైటు వేశాడు.

"పళ్ళు సూడు మావా, ఒక్కటీ అరగనేదు. స్ప్రింగూ గట్టిగుంది. పోయిందల్లా ఇదే." గేరును పక్కకు జరిపే ఇనుప ఫోర్కు తీసి చేతిలో పెట్టాడు. అది ఒకవైపు రేకులా పలచబడిపోయి ఉంది. "ఊరికే అరగదిది. గేరు రాడ్డు మీద సెయ్యేసి నొక్కుతా ఉంటే, తిరిగే భాగానికి ఇది రాసుకుంటా ఉంటాది. కొత్త బాక్సు ఏసినాక గేరు ఎప్పుడైనా జారిందా?"

"నేదు. నాను పట్టుకునే ఉన్నాను కదా!"

"అదే సెప్తన్నాను మావా."

బషీరు వేరే ఫోర్కు వేసి బిగించేదాకా గౌరునాయుడు ఆ అరిగిన ముక్కను తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో ఘాట్ మొదలవగానే రెండో గేరు వేశాడు. వేసిన చెయ్యి రాడ్డు మీదే ఉండిపోయింది.

"చెయ్యి తీయి నాయనా," అన్నారు పక్కనే కూర్చున్న తారకమ్మగారు.

"ఇక్కడ వొద్దమ్మా. జారితే?"

"బ్రేకు నీ కాలి కిందే ఉంది కదా."

తీశాడు. రాడ్డు సన్నగా వణుకుతుంటే, అదిగో జారుతోంది, అదిగో జారిపోయింది అనిపించింది. చెయ్యి తనంతట తానే వెళ్ళి దానిమీద వాలింది. తారకమ్మగారు ఆ చేతివైపు చూశారు. సిగ్గుపడి మళ్ళీ తీశాడు. ఇంతలో ఆ మలుపు రానే వచ్చింది. పక్కన లోయ నోరు తెరుచుకుని ఉంది. రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. ఇంజను మూలిగింది, బండి గేరులోనే తిరిగింది. ఆ తర్వాతి మలుపూ అలాగే దాటింది. నమ్మకం కలిగిందా అంటే, లేదు. చొక్కా చెమటతో ముద్దయింది. భయపడుతూనే, చెయ్యి వేయకుండా కొండ దిగాడు.

కింద కూడలిలో సింహాచలం సంచి పక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాడు. గౌరునాయుడు కాస్త దూరంలోనే బండి ఆపి, దిగబోయి ఆగాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "ఆడు రేపు మళ్ళీ జారితే?"

"జారినప్పుడు పట్టుకుందువు గాని నాయనా," అన్నారు తారకమ్మగారు. "జారని రోజుల్ని అరగదీయకు."