మూడో గుంట

ఏడు సముద్రాలకి అవతల, ఎండ కూడా వణుక్కుంటూ వచ్చే చోట, ధవళకేతు అనే రాజుగారు ఉండేవారు, బంగారు తల్లులూ. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఊరిని పీడిస్తున్న హిమదంష్ట్రుడనే మాంత్రికుణ్ణి చంపి వస్తామని పెద్దవాళ్ళిద్దరూ మంచుకొండ ఎక్కారు. మంచుచరియ విరిగి వాళ్ళ మీద పడిందని కబురొచ్చింది. ఆనాటి నుంచి రాణీగారు అన్నం ముందు కూర్చోవడం, ముద్ద ముట్టకుండా లేచిపోవడం. చిన్నవాడు నీలకేతు అది చూడలేక, దేవుడికి దండం పెట్టుకుని బయలుదేరాడు.

కొండ మీద తెల్లటి వాలు. వాలుకి అవతల గుహ. గుహలోంచి మాంత్రికుడు కేక పెట్టాడు. "ఒరే చిన్నోడా! నా ప్రాణం ఇక్కడ పంజరంలో ఉన్న ఈ చిలకలో ఉంది. మూడోనాటి పొద్దు వాలేలోగా దీన్ని చంపితే నీ అన్నలు లేచొస్తారు. ఆ తరవాత లేవరు!"

నీలకేతు అడుగు ఎత్తాడు. వెనక నుంచి ఒక కొండమేక అతని పైపంచ పట్టి లాగింది.

"ఏం రాచబిడ్డా, అంత తొందరా? ముందు నడుం లోతు గుంట తవ్వి చూడు. మీ అన్నలకీ చెప్పాను. ఆకాశం తేటగా ఉందిగా, మేక మాట వినేదేమిటి అని నవ్వుకుంటూ పోయారు."

నీలకేతు తవ్వాడు. పైన పలకలా గట్టిపడిన మంచు. దాని అడుగున పంచదార పలుకుల్లాంటి మంచు. పిడికిట బిగిస్తే ముద్ద కాలేదు, జలజలా రాలిపోయింది.

"పంచదార మీద పలక పరిచి, దాని మీద నడుస్తావా?" అంది మేక.

మర్నాడు గాలి తోలిన మంచు మరింత పేరుకుంది. మళ్ళీ తవ్వాడు. మళ్ళీ పంచదారే. వాలు అంచున కాలు మోపగానే లోపల దబ్బుమని చప్పుడైంది, సన్నని పగులు పాములా పరిగెత్తింది. వెనక్కి వచ్చేశాడు.

మూడోనాడు ఆకాశం తేటపడింది. మంచు కింది నుంచి పిలుపు వినిపించింది. "తమ్ముడూ, చలేస్తోందిరా! రారా!"

అవి అన్నల గొంతులే. నీలకేతు కాళ్ళు ఆగలేదు. మేక అడ్డంగా నిలబడింది. "నిజంగా వాళ్ళే అయితే నిన్ను ఇక్కడికి రమ్మంటారా?"

అతను ఏడుస్తూ మూడో గుంట తవ్వాడు. పంచదార అలాగే ఉంది. గుంటలోనే కూలబడ్డాడు. పొద్దు దిగిపోతోంది. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తోచలేదు. పిడికిట్లోంచి జారుతున్న పంచదారని చూసి, తల ఎత్తి అరిచాడు. "మాంత్రికుడా! చిలక ఈ చలికి ఎప్పుడో చచ్చి ఉంటుంది. ఉంటే చూపించు!"

మాంత్రికుడు పంజరం పట్టుకుని గుహ బయటికి వచ్చాడు. "ఇదిగో!"

"కనిపించడం లేదు."

రెండడుగులు వేశాడు. "ఇప్పుడు?"

"కాకిలా ఉంది."

"గుడ్డి వెధవా, సరిగ్గా చూడు!" అంటూ మాంత్రికుడు వాలు మధ్యకి వచ్చాడు. దబ్బుమంది. వాలంతా పలకలు పలకలుగా విరిగి, వాణ్ణీ పంజరాన్నీ లోయలోకి ఈడ్చుకుపోయింది.

మాంత్రికుడి శాపం వీడి మేక తోలు జారిపోయి, గొర్రెల కాపరుల పిల్ల తుహిన నిలబడింది. నీలకేతు ఆమెని చూడలేదు. కిందికే చూస్తున్నాడు. పొద్దు వాలింది. ఎవరూ లేవలేదు.

"వాడు అబద్ధమాడాడు. చరియ విరిగిన రోజే వాళ్ళు పోయారు," అంది తుహిన మెల్లగా.

"నీకు ముందే తెలుసా?"

"చెబితే ఆ దుఃఖంలో ఏమీ చూడకుండా ఈ వాలు మీదకి పరిగెత్తేవాడివి."

ఎండలు ముదిరి మంచు కరిగాక అన్నలు కనిపించారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. రాణీగారు వాళ్ళ తలలు నిమిరి, ఆ పూట ఒక్క ముద్ద తిన్నారు.

తుహినని పెళ్ళాడి నీలకేతు అరవై ఏళ్ళు ఏలాడు. ఏటా తొలిమంచు పడగానే ముందుగా రాజే కొండెక్కి గుంట తవ్వేవాడు. అతను సరేనన్నాకే ఎవరైనా వాలు మీద అడుగు పెట్టేవారు. ఆ అరవై ఏళ్ళలో ఏ తల్లి బిడ్డా మంచు కింద పడలేదు. కానీ రాజు మాత్రం, చూడాల్సింది చూశాక కూడా, అన్నలు ఇంకా అక్కడే ఉన్నట్టు ప్రతిసారీ ఇంకో జానెడు లోతు తవ్వేవాడు. తుహిన ఎందుకని ఏనాడూ అడగలేదు.