నాంచారమ్మ కళ్ళాపిలో దిగిన విల్లు

కాళ్ళు ముడుచుకో తల్లీ. నా డొక్కలో తన్నకుండా ఉంటే చెప్తా. దుప్పటి మొత్తం నువ్వే లాక్కుని, మళ్ళీ చలి అంటావు. సరే, విను.

అనగనగా ఒక ఊరు. ఊరి పేరు అడగొద్దు, ఆ ఊరి మనవళ్ళు ఇంకా నా ఫోన్‌లో ఉన్నారు. ఊరికి తూర్పున చేలు, చేల అవతల ఒక కొండ. అంతే, ఇంకేం లేవు. తగువులకు మాత్రం కొదవ లేదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తొలకరి వాన వెలిశాక సాయంత్రంపూట తూర్పున ఇంద్రధనుస్సు పొడుస్తుంది కదా, దాని కాలు ఎవరి చేలో దిగితే ఆ చేలో మొదటి విత్తనం పడాలి. ఊళ్ళో గొర్రులన్నీ కలిసి ఆ చేనే ముందు విత్తాలి. గొర్రు అంటే ఎడ్లకి కట్టి, గింజల్ని సాళ్ళలోకి జారవిడిచేది. ఆ చేను అయ్యేదాకా ఇంకెవరూ ఒక్క గింజ కూడా వెయ్యకూడదు.

ఏంటీ? విల్లుకి రెండు కాళ్ళుంటాయి కదా అంటావా? నీకొచ్చిన అనుమానమే వాళ్ళకీ వచ్చింది. దాని మీద మూడేళ్ళు కొట్టుకుని, ఉత్తరం వైపు కాలే లెక్క అని తేల్చుకున్నారు. అంత తెలివైన ఊరు.

మరి కాలు ఎక్కడ దిగిందో ఎవరు చెప్పాలి? ఊరి పెద్ద పున్నయ్య. ఆయన తన అరుగు మీద కూర్చుని, చుట్ట తీసి, చేయి చాపి, "అదుగో, అక్కడ" అనేవాడు. ఇరవై ఏళ్ళు ఆయన చెప్పిందే మాట. ఆ ఇరవై ఏళ్ళూ విల్లు కాలు ఆయన అల్లుడు గురవయ్య చేలోనో, దాని గట్టు మీదో దిగేది. ఎవరూ ఏమీ అనుకోలేదు. దేవుడికి కూడా అల్లుళ్ళంటే మర్యాద కాబోలు అనుకున్నారు.

ఆ ఏడు పున్నయ్య కళ్ళకి శుక్లాలు వచ్చాయి. తొలకరి పడింది, నేల నానింది, సాయంత్రం విల్లు పొడిచింది. పున్నయ్య కళ్ళు చికిలించి చూసి, "నాకేం అగుపడట్లా, మీరే చూసి చెప్పండిరా" అన్నాడు.

అప్పుడు మొదలైంది.

గురవయ్య తన గట్టు మీంచి, "నా చేలో దిగింది" అన్నాడు. ఆ పక్క చేను చెంచురామయ్యది. అతను తన గట్టు మీంచి, "కళ్ళు నీవి కూడా పోయాయా బావా, నా చేలో దిగితేనూ" అన్నాడు.

"ఒట్టు?"

"నా ఎడ్ల మీద ఒట్టు."

"నా ఎడ్ల మీద కూడా."

పాపం, ఎడ్లు ఏం చేశాయి చెప్పు. వాటిని కట్టేసే ఉంచారు. ఊరంతా రెండు గట్లుగా విడిపోయి అరుచుకున్నారు.

అసలు ఆ విల్లు అర్థం ఏంటనుకున్నావు? ఇంద్రుడు మబ్బులతో యుద్ధం చేసి, వాన కురిపించి, ఇక చాల్లే అని విల్లు దించి ఆకాశంలో ఆనించాడని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. విల్లు దించాడంటే యుద్ధం అయిపోయినట్టు. వీళ్ళు దాన్ని చూసి యుద్ధం మొదలెట్టారు. నాకు వాళ్ళని తలుచుకుంటేనే తల నొప్పి వస్తుంది.

ఆ ఊళ్ళోనే నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఒక ఎకరం మెరక చేను. ఎడ్లు లేవు, గొర్రు లేదు. ఎండాకాలమంతా పిల్లలూ తనూ గంజి తాగి, ఒక మూట జొన్నలు విత్తనానికని దాచింది. మెరక నేల కదా, నీళ్ళు నిలవని ఎత్తు నేల, అందరికన్నా ముందు దాని తడే ఆరిపోతుంది. నాలుగు రోజుల్లో గింజ పడకపోతే ఆ గింజ మొలవదు, చీమలు తింటాయి. ఆ తర్వాత ఏడాదంతా పిల్లలకి పెట్టడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి గట్ల మీద అరిచేవాళ్ళకి ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు సాయంత్రం కొండ మీద జల్లు పడింది. ఊరి చేలకి చుక్క రాలేదు గానీ విల్లు పొడిచింది. అప్పుడు మగవాళ్ళంతా ఒక మేకు, ఒక సుత్తి పట్టుకుని, కాలు దిగినచోట మేకు దిగ్గొడదామని బయల్దేరారు. వాళ్ళు పది అడుగులు వేస్తే విల్లు పది అడుగులు జరిగింది. వీళ్ళు పరిగెత్తితే అదీ పరిగెత్తింది. చేలు దాటారు, వాగు దాటారు, తుమ్మ ముళ్ళలో పడ్డారు. పొద్దు కుంకింది, విల్లు లేదు. మేకు కూడా ఎక్కడో పోయింది.

ఆ తర్వాత మూడో రోజు. కొండ మీద మళ్ళీ జల్లు, మళ్ళీ విల్లు. ఈసారి సాక్షుల్ని పెట్టారు. గురవయ్య గట్టు మీద ఒకణ్ణి, చెంచురామయ్య గట్టు మీద ఒకణ్ణి. సాక్షులు నిజాయితీపరులే. ఇద్దరూ వచ్చి, కాలు తామున్న వైపే దిగిందని చెప్పారు. దాంతో మూడో రోజూ అయిపోయింది.

నాంచారమ్మ చేలోకి వెళ్ళి బొటనవేలితో మట్టి కదిపి చూసింది. పైన తెల్లబడింది. లోపల ఇంకా కాస్త చెమ్మ ఉంది. ఒక్క రోజు. అంతే.

"పున్నయ్య మావా, నా ఎకరం వరకైనా వెయ్యనియ్యండి" అని అడిగింది.

"ఆచారం అమ్మా" అన్నాడు పున్నయ్య.

ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. నేనైతే ఆ చుట్ట లాక్కుని వాగులో పారేసేదాన్ని.

నాలుగో రోజు పొద్దున్నే నాంచారమ్మ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లడానికి బకెట్టులో పేడ కలిపింది. వాళ్ళ ఇల్లు తూర్పు ముఖం. ఆవిడ వీధి వైపు నిలబడి ఇంటి వైపు చల్లుతుంది, అంటే ఎండ వీపు మీద పడుతుంది. చేత్తో నీళ్ళు తీసి విసిరితే తుంపర లేచింది. ఆ తుంపరలో చిన్న విల్లు, ఏడు రంగులతో.

రోజూ అది అక్కడే ఉండేది. ఆవిడ పదేళ్ళ నుంచి చూస్తూనే ఉంది. పేడనీళ్ళలో కనపడేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ పొద్దున మాత్రం చెయ్యి ఆగిపోయింది. కుడివైపు జరిగి విసిరింది, విల్లూ కుడివైపు జరిగింది. వంగి విసిరింది, అదీ వంగింది. మరి కాస్త చూస్తే, ఆ విల్లు ఎప్పుడూ తన నీడ తల చుట్టూతానే ఉంది.

అప్పుడు ఆవిడకి అర్థమైంది. నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది.

నీకు అర్థమైందా? లేదు కదా. నాకూ కాలేదు, ముప్పై ఏళ్ళు దాటేదాకా. చిన్నప్పుడు మీ అమ్మకి, ఇంద్రుడు తడిసిన విల్లు ఆరేసుకుంటాడని చెప్పా. ఆ పిచ్చిది సైన్సు పరీక్షలో అదే రాసి వచ్చింది, బళ్ళో మాస్టారు నన్ను పిలిపించారు. ఆ సిగ్గుతో దాని పుస్తకం తీసి, వంకాయలు తరుగుతూ నేనే చదువుకున్నా. కూర మాడింది గానీ సంగతి తెలిసింది.

ఎండ తెల్లగా కనపడుతుంది గానీ, రంగులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అది చినుకులోకి దూరుతుంది, కాస్త వంగుతుంది. చినుకు వెనక గోడకి తగిలి తిరిగొస్తుంది. బయటికొచ్చేటప్పుడు మళ్ళీ వంగుతుంది. ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది కాబట్టి విడివిడిగా బయటపడతాయి. నీ కంటికి ఎరుపు పంపే చినుకులు వేరు, నా కంటికి పంపేవి వేరు. అందుకని నీ విల్లు నీదే, నా విల్లు నాదే. పక్కపక్కనే పడుకున్నా సరే. దానికి కాలూ లేదు, కాలు దిగే చోటూ లేదు.

మధ్యాహ్నం ఎందుకు రాదంటావా? ఎండ నడినెత్తిన ఉంటే విల్లు నేల కిందికి పోతుంది. నడుమ అడ్డు ప్రశ్నలు వేస్తే కథ కూడా అక్కడికే పోతుంది. పడుకో.

సరే, ఎక్కడున్నాం? నాంచారమ్మ పెద్ద కూతుర్ని పంపి పున్నయ్యనీ, గురవయ్యనీ, చెంచురామయ్యనీ వాకిట్లోకి పిలిపించింది. ఇంటి ముందు ఎడంగా ఇద్దర్నీ నిలబెట్టింది, ఎండకి వీపు పెట్టి. నీళ్ళు విసిరింది.

"ఉత్తరం కాలు ఎక్కడ దిగింది గురవయ్యన్నా?"

"నీ గడప దగ్గర."

"కాదు, రోలు దగ్గర" అన్నాడు చెంచురామయ్య.

"ఒట్టా?"

ఇద్దరూ మళ్ళీ ఎడ్ల మీదే ఒట్టేశారు.

అప్పుడు ఆవిడ ఇద్దర్నీ చోట్లు మార్చుకోమంది. రెండోసారి విసిరింది. గురవయ్య కళ్ళు నులుముకున్నాడు. ఆ తర్వాత మెల్లగా, "ఇప్పుడు రోలు దగ్గరుంది" అన్నాడు. చెంచురామయ్య వంగి వంగి గడప వైపు చూశాడు. అతనికి గడప దగ్గర కనపడింది మరి.

"చూశారుగా. మనిషి జరిగితే విల్లు జరుగుతుంది. పున్నయ్య మావా, ఇరవై ఏళ్ళు నీ అరుగు కదల్లేదు, అందుకే విల్లు మీ అల్లుడి చేను వదల్లేదు."

పున్నయ్యకి దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

"అయితే ఇప్పుడు ఎవరి చేలో ముందు వెయ్యాలి?" అన్నాడు చెంచురామయ్య. అంత జరిగినా వాడి గోల అదే. తల బాదుకోవాలనిపిస్తుంది నాకు.

నాంచారమ్మ చెయ్యి కడుక్కుంది. "ఆచారం ప్రకారమే వేద్దాం. ఈ పొద్దు ఉత్తరం కాలు గడప దగ్గర దిగిందని ఒకరు, రోలు దగ్గరని ఒకరు మీ ఎడ్ల మీద ఒట్టేశారు. గడప ఎవరిది?"

"నీది."

"రోలు?"

"నీదే."

మూడోసారి నీళ్ళు విసరాల్సిన పని లేకపోయింది.

"ఇదెక్కడి లెక్క? పేడనీళ్ళలో దిగిన విల్లు కూడా విల్లేనా?" అన్నాడు గురవయ్య.

"రంగులు ఏడున్నాయా లేదా?"

"ఉన్నాయి."

"మరి తక్కువేముంది? నీకు ఆ పేడ వాసన పడకపోతే ఇంద్రుడితో చెప్పుకో."

అందరూ పున్నయ్య వైపు చూశారు. ఆయనకి విల్లూ కనపడలేదు, కళ్ళాపీ కనపడలేదు. వాకిట్లో గోడవారన నిలబడ్డ ఇద్దరు పిల్లలు మాత్రం మసగ్గా కనపడ్డారేమో. చుట్ట నోట్లోంచి తీసి, "అదుగో, అక్కడ" అని నాంచారమ్మ ఇంటి వైపు చేయి చాపాడు.

ఆ పూటే ఊళ్ళో గొర్రులన్నీ మెరక చేలోకి దిగాయి. ముందు గొర్రు గురవయ్యది, దాని వెనక చెంచురామయ్యది. ఎడ్లు మూడు రోజుల నుంచి కట్టేసి ఉన్నాయేమో, ఒట్లన్నీ దులుపుకుని హుషారుగా నడిచాయి. ఎండెక్కేసరికి ఎకరం అయిపోయింది. ఆ సాయంత్రానికి మిగతా అందరూ విత్తడం మొదలెట్టారు.

ఆరో రోజున నాంచారమ్మ చిన్న కూతురు పరిగెత్తుకొచ్చి, "మొలకలొచ్చాయమ్మా" అంది. మెరక చేను నిండా సన్నటి పచ్చ గీతలు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ ఊళ్ళో తొలకరి పడగానే, విల్లు పొడిచినా పొడవకపోయినా, ఎడ్లు లేనివాళ్ళ చేలోనే మొదటి గొర్రు దిగేది. అదేంటని ఎవరైనా అడిగితే, ఆచారం అనేవాళ్ళు.

రేపు పొద్దున నేను కళ్ళాపి చల్లేటప్పుడు లేచొస్తే నీ విల్లు నీకు చూపిస్తా. నాది అడక్కు, అది నీకు కనపడదు. ఇక కళ్ళు మూసుకో.

విల్లు కొండకి, విత్తు మంటికి,
కూడు పంటికి, కునుకు కంటికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.

ఆ దుప్పటి కొస ఇటు ఇయ్యి.