గడప బయట తోడుకున్న పెరుగు

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాపమీద చోటు చాలకపోతే పలకలు కింద పెట్టండి, అవేం అలగవు. వెనకవాళ్ళు గుసగుసలాడితే రాజుగారి మాట వినపడదు మరి.

ఆ రాజు పేరు మైలమరాజు. ఎవరైనా తగువు తెచ్చారంటే ఆయనకి పండగే. తీర్పు చెప్పడం కన్నా దానిమీద పందెం కాయడం మహా సరదా.

ఒకనాడు గంగసాని అనే పిల్ల కొలువుకొచ్చింది. వాళ్ళది ఏటి మధ్య లంక. వరదొస్తే పడవ నడవదు, అవతలి గట్టునుంచి వైద్యుడు రాలేడు. ఊళ్ళో ఉన్న ఒక్క ముసలి వైద్యుడికీ చూపు తగ్గిపోతోంది. "నువ్వు వేగిరం చదువుకుని రావే తల్లీ" అని ఊరు ఊరంతా ఆ పిల్లను నగరానికి పంపింది.

నగరంలో చిన్నబడి, పెద్దబడి ఉండేవి. చిన్నబడి అంటే ఇదిగో, మనలాంటిదే. అది ముగించాకే పెద్దబడిలో వైద్యం. గంగసానికి అంతవరకూ ఆగే ఓపికేదీ? చిన్నబడిలో ఉండగానే, పంతులుగారి అనుమతి తీసుకుని, పొద్దున్నే పెద్దబడికి పోయి పెద్దవాళ్ళ పక్కన కూర్చుంది. మూలికల పాఠం, నాడి పాఠం నేర్చేసుకుంది. వాళ్ళతోపాటే పరీక్షా ఇచ్చింది. అక్కడి గురువులే నెగ్గావన్నారు.

తీరా పెద్దబడిలో చేరబోతే దాని అధిపతి త్రివిక్రమాచార్యులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేరు రాయించుకుని మా గడప తొక్కకముందు నేర్చింది లెక్కలోకి రాదు. అన్నీ మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే."

"వచ్చిన పాఠమే మళ్ళీనా, ఆచార్యా? మా వైద్యుడి చూపు అన్నాళ్ళు ఆగదండీ."

"ఆగకపోతే నేనేం చేసేది? పద్ధతి పద్ధతే."

ఇదీ తగువు. ఆచార్యుల్నీ కొలువుకి పిలిపించారు. రాజు మీసం దువ్వాడు. పక్కనే తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడిన పోలన వైపు చూశాడు. పోలన మాట చురుకు సంగతి రాజ్యమంతా ఎరుగును.

"పోలనా, ఈ ఆచార్యులవారి చేత తప్పని ఒప్పించగలవా? అయితే ఒక్క షరతు. నువ్వు ఆ పిల్ల పేరెత్తకూడదు, బడి ఊసెత్తకూడదు. ఓడిపోయావో, చిన్నబడిలో పిల్లల పక్కన కూర్చుని ఓనమాలు దిద్దాలి."

సభంతా గొల్లుమంది. పోలన తలవంచి ఒకటే అన్నాడు.

"అలాగే ప్రభూ. రేపు అందరూ మా ఇంట భోంచెయ్యండి."

మర్నాడు పోలన ఇంట పెద్ద పంక్తి వేశారు. వయసులో పెద్ద కాబట్టి మొదటి విస్తరి ఆచార్యులకి. పక్కన రాజు, ఆ తర్వాత కొలువువాళ్ళు, చివర గంగసాని. ఆచార్యులకి పంక్తి పట్టింపు జాస్తి. పెరుగన్నం తినకుండా ఎవరూ లేవరాదు. ఒకసారి మధ్యలో లేచాడని సేనాపతినే పట్టుకుని చెడామడా తిట్టాడాయన.

ముద్దపప్పు వచ్చింది. గుత్తివంకాయ వచ్చింది. ఆవకాయ, నెయ్యి, పులుసు, బూరెలు. ఆచార్యులు అన్నిటికీ న్యాయం చేశాడు. చివర్న అన్నం గుంట చేసుకుని పెరుగు కోసం ఎదురుచూశాడు.

రాజు విస్తట్లో గడ్డపెరుగు పడింది. అందరికీ పడింది. ఆచార్యుల ముందు మాత్రం పోలన ఒక చెంబు గోరువెచ్చని పాలు పెట్టి, రెండు చుక్కల మజ్జిగ వేసి, పైన మూత పెట్టాడు.

"ఇదేమిటోయ్?"

"పెరుగండీ."

"పాలు కదూ?"

"రేపు పొద్దుటికి పెరుగవుతుందండీ. అందాకా తమరు లేవకూడదు, పంక్తి నియమం గదా."

"రాత్రి తోడేసిన పెరుగు లేదా?"

"కుండెడుందండీ, కత్తితో కొయ్యాలి. కానీ అది తమరు మా గడప తొక్కకముందే తోడుకుంది. లెక్కలోకి రాదు గదా."

రాజు పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఫక్కుమన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి.

ఆచార్యులు తెలివైనవాడే, వెంటనే అడ్డుకున్నాడు. "మరి పప్పు, కూర, బూరెలు కూడా నేను రాకముందే వండారుగా?"

పోలన నాలిక కరుచుకున్నాడు. "ఎంత పొరపాటు. అయితే తమరు తిన్నదీ లెక్కలోకి రాదండీ. ఒరేయ్, పొయ్యి వెలిగించండి. ఆచార్యులవారికి పప్పునుంచి మళ్ళీ వడ్డించాలి."

కొత్త విస్తరి వచ్చి పడింది. ఆచార్యులు రెండు చేతులూ దానిమీద బోర్లించాడు.

"వద్దయ్యా బాబూ. గొంతుదాకా ఉంది."

"కడుపు సంగతి మాకెందుకండీ, ఎప్పుడు వండారన్నదే గదా చూసేది."

"కడుపు నిండినవాణ్ణి మళ్ళీ మొదటినుంచి తినమనడం ఎక్కడి పద్ధతయ్యా?"

పోలన నెమ్మదిగా పంక్తి చివరికి చూశాడు. అందరూ అటే చూశారు. గంగసాని తలొంచుకుంది, నవ్వు దాచుకోవడానికి.

ఆచార్యులు కూడా చూశాడు. కాసేపు గుటకలు మింగాడు. పాపం, అప్పుడు గుటకకి కూడా చోటు లేదు.

"సరే. ఆ పిల్ల కడుపూ నిండే ఉంది, ఒప్పుకున్నాను. నేర్చిన పాఠాలు నేర్చినట్టే, తర్వాత పాఠంలో కూర్చోబెడతాం. అయితే అరిగిందో లేదో చూడాలి. అమ్మాయ్, ఇప్పుడు నా పొట్ట ఉబ్బరంగా ఉంది. ఏం చెయ్యమంటావు?"

గంగసాని వచ్చి ఆయన నాడి పట్టుకుంది.

"వాము, ఉప్పు నమిలి వేణ్ణీళ్ళు తాగండి, ఆచార్యా. ఇవాళ్టికి పెరుగు మాత్రం మానెయ్యండి."

పంక్తి పంక్తంతా పడీపడీ నవ్వింది. ఆచార్యులు పెరుగు కుండ వైపు ఒక్కసారి దిగులుగా చూసి, తన పంక్తి నియమం తానే దాటి లేచి నిలబడి, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

రాజు తన భుజాన ఉన్న పట్టు ఉత్తరీయం తీసి పోలనకి కప్పాడు. పోలన పెట్టెలోంచే ఆకు తీసి, సున్నం రాసి, చిలక చుట్టి తన చేత్తో పోలనకే అందించాడు. చదువు ముగియగానే గంగసానికి లంకకి సొంత పడవ ఇస్తానన్నాడు.

ఊఁ, ఇక లేవండి. ఇళ్ళకి పోయి భోంచెయ్యండి. అమ్మ ఎప్పుడో వండిందని వంక పెట్టారో, పోలనకి కబురు పెడతాను.