వసారాలోంచి పిలిచిన ఉడుత

ఏటి అవతలి తోటలో జంతువులు కంప్యూటర్‌తో నీళ్ళు పెడతాయి. నవ్వకండి, మనకంటే బాగానే పెడతాయి. నేల తడి చూసి మోటారుకి చెప్పే ప్రోగ్రాం ఎద్దు రాసింది. ఆ ఫైల్ పేరు ‘తడి’, ఉండేది ఎద్దు ఫోల్డర్‌లో. పుచ్చకాయల మడి నక్కది. వేరుశనగ మడి కొత్తగా చేరిన ఉడుతది.

"పూత అయ్యాక కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైం ఉడుతా," అంది ఎద్దు. "సాయంత్రానికి నీళ్ళు పారకపోతే మడి నక్కకిచ్చేయాల్సిందే."

ఉడుత తన ఫోల్డర్‌లో కూర్చుని తన ప్రోగ్రాం రాసి, అందులోకి ‘తడి’ని ఇంపోర్ట్ చేసింది, అంటే పేరు పెట్టి పిలిచింది. అలాంటిదేం లేదంది స్క్రీన్. మళ్ళీ నొక్కింది. లేదంట. పదకొండోసారీ లేదంట. తోక కొరుక్కుంది.

నక్క తొంగి చూసింది. "ఏంటమ్మా, ఇంకా దాంతోనేనా? కాపీ చేసి నీ ఫోల్డర్‌లో పడెయ్. నేనదే చేశా."

"ఎద్దు మామని అడిగొస్తా నక్కన్నా."

"అడుగు, అడుగు! ఇంపోర్టే రాదని తెలిస్తే మడి ఇప్పుడే లాగేసుకుంటాడు."

అయినా ఉడుత ఎద్దు దగ్గరికి వెళ్ళింది.

ఎద్దు నెమరేస్తూ వింది. "ప్రోగ్రాం ఎక్కణ్ణుంచి నడుపుతున్నావ్?"

"నా ఫోల్డర్‌లోంచే మామా."

"నీ గదిలో తలుపేసుకుని పిలిస్తే పక్క గదిలోవాడు పలుకుతాడా? మన ఫోల్డర్లన్నీ ఉన్న పెద్ద ఫోల్డర్ ఉందిగా, అది వసారా అనుకో. అక్కణ్ణుంచి నడుపు. ఏ ఫోల్డర్‌లో ఏ ఫైలో చెప్పి పిలువు."

"ఇంతేనా?"

"ఇంతే. నాకు తెలియడానికి రెండు వారాలు పట్టిందిలే."

ఉడుత పెద్ద ఫోల్డర్‌లోకి వెళ్ళి, ‘ఎద్దు ఫోల్డర్‌లో తడి’ అని పిలిచింది. మోటారు గుర్రుమంది. కాలవలో నీళ్ళు ఉడుత పాదాలు తడిపాయి.

నెలన్నర తర్వాత తడి కొలిచే పరికరాలు మార్చారు. కొత్తవి అంకెలు తిరగేసి, పొడినేలకి పెద్ద అంకె, తడినేలకి చిన్న అంకె చూపిస్తున్నాయని ఎద్దు ‘తడి’ ఫైల్ సరిచేసింది. ఉడుత మడికి ఆ మార్పు దానంతటదే వచ్చేసింది. నక్క మడిలో మాత్రం తడినేలకే నీళ్ళు, పొద్దస్తమానం. కాయలు పటపటా పగిలాయి.

"మామా, నీ ఫైల్ తప్పు!" అని పరిగెత్తుకొచ్చింది నక్క.

"నాది మొన్ననే బాగుచేశా. నువ్వు నడిపేది నీ పాత కాపీ. ఉడుతలా వసారాలోంచి పిలిచుంటే కొత్తదే అందేది."

నక్క కాసేపు చెవి గోక్కుంది. మెల్లగా ఉడుత దగ్గరికొచ్చింది. "అమ్మా... ఆ వసారా ఎటో కాస్త చూపిస్తావా?"

"రా అన్నా," అంది ఉడుత, పచ్చి వేరుశనక్కాయ ఒలుస్తూ. "ముందు ఆ కాపీ డిలీట్ చెయ్."

నీతి: పక్కవాడు చేసింది కావాలంటే నకలు దాచుకోకు, వాడుండే చోటు తెలుసుకుని పిలువు.