పన్నెండు కట్ల గాదె

అనగనగనగా, ఏటి అవతల ఒక ఊళ్ళో ఒక రాజుగారు, రాజుగారికి ఒక గాదె. ఆషామాషీ గాదె కాదర్రా! మనిషి మీద మనిషి నిలబడ్డా అందని వెదురు గాదె, ఒంటి చుట్టూ సమంగా పన్నెండు కట్లు. దానికి కాపలా సూరప్ప, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన కోడలు ఆదెమ్మ. ఊ కొట్టరేం? పక్కమీద ఆ గంతులేమిట్రా!

రాజుగారి కూతురి పెళ్ళికి ముందు గాదెలో ముక్కాలు వంతు వడ్లున్నాయి. పెళ్ళివారు తిన్నారు, పెళ్ళివారి గుర్రాలు తిన్నాయి, గుర్రాలవాళ్ళ చుట్టాలు తిన్నారు. మొత్తం గాదెలో మూడింట రెండు వంతులు ఖర్చయిపోయాయి. మిగిలిందెంత అన్నారు రాజుగారు. దివాను వేళ్ళు ముడిచాడు. ముక్కాలంటే నాలుగింట మూడు. పైన మూడులో రెండు పోతే ఒకటి, కింద నాలుగులో మూడు పోతే ఒకటి. ఒకటికి ఒకటి సరి, నిండు గాదె ప్రభూ అన్నాడు. వాడి మొహం! తిన్నకొద్దీ పెరుగుతాయిటా వడ్లు?

అయితే రేపు ఊరందరికీ మళ్ళీ విందు, గింజ తక్కువైతే సూరప్ప తల తీయిస్తా అన్నారు రాజుగారు.

ఆ మాట ఆదెమ్మ చెవిన పడింది. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. ఎసరు పెట్టి బియ్యం మరిచింది, బియ్యం పోసి పొయ్యి మరిచింది. మామగారేమో, దివానుగారు చదువుకున్నవారు, మనకెందుకమ్మా అని గోడకి చేరగిలబడ్డాడు. పోయేది ఆయన తలే! నాలుగుకీ మూడుకీ పొత్తెలా కుదురుతుందీ అనుకుంటూ ఆవిడ గాదె చుట్టూ తిరిగి తిరిగి, వెదురు కట్ల మీద చెయ్యేసింది. పన్నెండు! నాలుగు వాటాలేస్తే వాటాకి మూడు కట్లు. మూడు వాటాలేస్తే వాటాకి నాలుగు కట్లు.

పరుగున పోయి రాజుగారిని లాక్కొచ్చింది. ముక్కాలంటే తొమ్మిది కట్లు, మూడింట రెండంటే ఎనిమిది కట్లు, తొమ్మిదిలో ఎనిమిది పోతే ఒక్క కట్టు, కొట్టి చూడండి మహాప్రభో అని చేతికి కర్రిచ్చింది. రాజుగారు నిచ్చెనెక్కి పై కట్టు కొట్టారు, డొల్ల. దాని కింది కట్టు, డొల్ల. దాని కిందిది, డొల్ల. ఊ కొడుతున్నారా? పదకొండూ డొల్ల డొల్ల డొల్ల. అట్టడుగుది మాత్రం దబ్బుమంది.

రాజుగారు సిగ్గుపడి సూరప్ప చేతులు పట్టుకున్నారు. విందు మానేసి, ఆ ఒక్క కట్టు వడ్లూ ఊరికి విత్తనాలకిచ్చారు. దివానుకి శిక్షేమిటంటారా? అరిసె. ముక్కాలు అరిసె తెప్పించి, నిండు అరిసెలో మూడింట రెండు వంతులంత తుంచి ఆదెమ్మకిచ్చి, మిగిలిన పలుకు దివాను ఆకులో వేశారు. నీ లెక్కన నిండు అరిసె, కడుపునిండా తినవయ్యా అన్నారు.

అప్పటినుంచీ ఏ లెక్కొచ్చినా సూరప్ప ముందు కోడలికేసే చూసేవాడు. చూశారా, ముక్కలన్నీ ఒక్క కొలతకి తెచ్చుకోందే తీసివేతకి దిగకూడదు. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లోకి దూరండి.