విరూపాక్షం సైకిలు బెల్లు

శఠగోపాచార్యులవారిని ఏదైనా అడిగితే జవాబు అప్పటికప్పుడు దొరకదు. "చూద్దాంలే" అంటారు. ఆ చూడటం ఒక్కోసారి పూటలో తేలుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆయన దగ్గర చదువుకున్న మాకందరికీ ఇది అలవాటే, ఒక్క విరూపాక్షానికి తప్ప. అతనికి ఏదైనా వెంటనే తేలిపోవాలి.

జపానులో ఉన్న తెలుగువాళ్లు పిలిస్తే ఆచార్యులవారు ఉపన్యాసాలకు వెళ్లారు. వెంట నేనూ, విరూపాక్షమూ. క్యోటో నగరంలో ఒక రోజు ఖాళీ దొరికింది. సైకిళ్ల మీద తిప్పి పాత ఊరు చూపించడానికి చిహారు అనే అమ్మాయిని కుదిర్చారు. సైకిళ్లు ఎక్కబోతుండగా విరూపాక్షం మనసులో మాట బయటపెట్టాడు.

"గురువుగారూ, గుంటూరులో నా గీత పాఠానికి మొదట్లో హాలు చాలేది కాదు. ఇప్పుడు ముందు వరసే నిండటం లేదు. పోనీ తప్పు చెబుతున్నానా అంటే, ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. దణ్ణం పెట్టి వెళ్తారు, మళ్లీ రారు. ఉగాదితో మానేద్దామనుకుంటున్నాను. లోపం ఎక్కడుందో మీరే చెప్పండి."

ఎంత గొప్పలు పోయినా, పాఠమంటే అతనికి ప్రాణం.

"చూద్దాంలే. ముందు ఎక్కు," అన్నారు ఆచార్యులవారు, పంచె ఎగగట్టుకుంటూ.

చెక్క ఇళ్ల మధ్య ఇరుకు సందులోకి తిరిగాం. ఒక ముసలావిడ చిన్న బకెట్టు పక్కన పెట్టుకుని, గరిటెతో వాకిట్లో నీళ్లు చల్లుతోంది. మన కళ్ళాపి లాంటిదే, పేడ లేదంతే. ముందు వెళ్తున్న చిహారు ఆవిణ్ణి చూసి సైకిలు దిగింది. విరూపాక్షం దిగలేదు. చిహారును దాటుకుని వెళ్లి బెల్లు కొట్టాడు. మామూలు బెల్లు కాదు, గుంటూరు బెల్లు. మా ఊళ్లో బెల్లు కొట్టకుండా వచ్చేవాణ్ణే తిడతారు మరి. ముసలావిడ ఉలిక్కిపడి, బకెట్టు ఎత్తుకుని గోడకు అంటుకుపోయి, నడుం వంచి దణ్ణం పెట్టింది. విరూపాక్షం తల పంకించి సాగిపోయాడు.

"ఎంత మర్యాదస్తులండీ వీళ్లు!" అన్నాడు సందు చివర ఆగి.

చిహారు మాత్రం సైకిలు గోడకు ఆనించి ఆవిడ దగ్గరకు వెళ్లింది. ఆవిడకంటే ఇంకా కిందికి వంగింది. తరవాత మా దగ్గరకు వచ్చి, ఎర్రబడిన ముఖంతో, ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. "ఇక్కడ మనుషుల్ని చూసి బెల్లు కొట్టమండీ. అడ్డు లెమ్మని కసిరినట్టు ఉంటుంది. దిగి నిలబడితే వాళ్లే చూస్తారు."

"చూడకపోతే?" అన్నాడు విరూపాక్షం.

"చూసేదాకా నిలబడతాం."

అతని ముఖం చిన్నబోయింది. ఆ రోజంతా గుళ్లూ, తోటలూ, నది గట్టూ తిరిగాం కానీ అతను దేన్నీ సరిగా చూడలేదు. బొటనవేలు బెల్లు మీదికి వెళ్లడం, వెనక్కి రావడం, అదే అతని యాత్ర.

సాయంత్రం సైకిళ్లు అప్పగించడానికి అదే సందులోంచి వచ్చాం. అదే ముసలావిడ, ఈసారి చేతిలో చీపురు. విరూపాక్షం అందరికంటే ముందు దిగి నిలబడ్డాడు. ఆవిడ వీపు మా వైపు ఉంది. తీరిగ్గా ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది. విసుగొచ్చింది నాకు. అతను మాత్రం కదల్లేదు.

చివరికి ఆవిడ ఇటు తిరిగింది. పొద్దుటి మనిషిని గుర్తుపట్టి, పకపకా నవ్వి, చీపురుకు ఆనుకుని ఏదో అంది.

"మీది ఏ ఊరు, అక్కడ వాకిట్లో నీళ్లు ఎవరు చల్లుతారు అని అడుగుతోంది," అంది చిహారు.

విరూపాక్షం వాళ్లమ్మ సంగతి చెప్పాడు. ముగ్గంటే ఏమిటో వేలితో గాలిలో గీసి చూపించాడు. ఆవిడ ఇంకోటి అడిగింది, దాని మీద మరోటి. వాళ్లిద్దరి మాటలూ తెమిలేసరికి సందులో దీపాలు వెలిగాయి.

బసకు నడిచి వస్తుంటే విరూపాక్షం ఆగలేకపోయాడు. "గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు."

ఆచార్యులవారు పంచె కిందికి దింపుకున్నారు.

"పొద్దున కూడా ఆవిడ అక్కడే ఉందయ్యా," అన్నారు. "ఒక్క ప్రశ్నా వెయ్యకుండా దణ్ణం పెట్టి తప్పుకుంది."